ఎవరి ముద్రను నమ్మాలి? భద్రతా సర్టిఫికెట్లపై పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఈ నెల మాకు అందిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే సంగతి చుట్టూ తిరిగాయి. ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో ‘ఈ సర్టిఫికెట్‌ను నమ్మమంటారా’ అన్న ప్రశ్న ఎదురైనప్పుడు ఏమి చేయాలన్నదే ఆ సంగతి. అందువల్ల ఈసారి శీర్షికను పూర్తిగా ఈ విషయానికే కేటాయించాము. ఒకే రకమైన ప్రశ్నలను కలిపివేసి, రాసినవారి పేర్లు తొలగించి ఇస్తున్నాము.

ప్రశ్న: నా దగ్గర ఆండ్రాయిడ్ 6తో నడిచే పాత ఫోన్ ఉంది. కొంతకాలంగా కొన్ని వెబ్‌సైట్లు తెరిస్తే ‘మీ కనెక్షన్ ప్రైవేట్‌గా లేదు’ అని వస్తోంది, మరికొన్ని మామూలుగానే తెరుచుకుంటున్నాయి. ఏదో రూట్ సర్టిఫికెట్ దించుకుని ఇన్‌స్టాల్ చేస్తే సరిపోతుందని సెల్‌ఫోన్ దుకాణం అబ్బాయి చెప్పాడు. చేయవచ్చా?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, నంద్యాల

జవాబు: ముందుగా ఫోన్‌లో తేదీ, సంవత్సరం సరిగా ఉన్నాయో లేదో చూడండి. ప్రతి సర్టిఫికెట్‌కూ మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ ఉంటాయి కాబట్టి, బ్యాటరీ పూర్తిగా అయిపోయి ఫోన్ గడియారం ఏ 2015కో వెనక్కి పోతే, నిక్షేపంగా ఉన్న సర్టిఫికెట్ కూడా ‘ఇంకా అమల్లోకి రాలేదు’ అన్నట్టు కనిపిస్తుంది. పాత డెస్క్‌టాప్ కంప్యూటర్లలో మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోయినప్పుడు కూడా ఇదే జరుగుతుంది. అయితే గడియారం తప్పినప్పుడు దాదాపు అన్ని సైట్లూ మొరాయిస్తాయి. మీకు కొన్ని తెరుచుకుంటూ కొన్ని తెరుచుకోవడం లేదంటున్నారు కాబట్టి కారణం వేరే అయి ఉండాలి.

ఆ కారణం అర్థం కావాలంటే ఈ ఏర్పాటు మూలాన్ని కొంచెం తెలుసుకోవాలి. మీరు ఉపాధ్యాయులు కనుక ఎన్నో మార్కుల జాబితాల నకళ్ల మీద గెజిటెడ్ అధికారి ఆకుపచ్చ సిరా సంతకాన్ని, గుండ్రటి ముద్రను చూసే ఉంటారు. దరఖాస్తు అందుకున్న కార్యాలయానికి ఆ విద్యార్థి ఎవరో తెలియదు, కానీ ఆ ముద్ర వేసే అధికారం ఎవరికి ఉందో తెలుసు. వెబ్‌సైట్ చూపే సర్టిఫికెట్ కూడా అలాంటి ముద్ర పడిన కాగితమే. ‘ఈ తాళం (మాటలను రహస్యంగా మార్చే కీ) ఫలానా చిరునామా గల సైట్‌దే’ అని ఒక ధ్రువీకరణ సంస్థ అందులో సంతకం చేస్తుంది. ఏయే సంస్థల ముద్రలు చెల్లుతాయో చెప్పే జాబితా మీ ఫోన్‌లో ముందే ఉంటుంది. ఆ జాబితాలో ఉండేవే రూట్ సర్టిఫికెట్లు. ఎవరి ముద్రా లేకుండా సైట్ తనకు తానే సంతకం చేసుకున్న సర్టిఫికెట్లు కూడా ఉన్నాయి. ఉద్యోగ దరఖాస్తుల విషయంలో మన ప్రభుత్వాలు స్వయంగా ధ్రువీకరించుకున్న నకళ్లను అంగీకరిస్తున్నాయి గానీ, బ్రౌజర్లు మాత్రం అంత ఉదారంగా లేవు.

ఇక మీ ఫోన్ సంగతి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ 2015 చివరి నుంచి ఉచితంగా సర్టిఫికెట్లు ఇస్తోంది. లెక్కలేనన్ని చిన్న, పెద్ద సైట్లు దాని మీదే నడుస్తున్నాయి. కొత్త సంస్థ కావడంతో మొదట్లో దాని రూట్ ఏ ఫోన్‌లోనూ లేదు కనుక, అప్పటికే అందరి జాబితాల్లోనూ ఉన్న మరో పాత రూట్ చేత అది సంతకం చేయించుకుంది. ఆ పాత రూట్ గడువు 2021 సెప్టెంబర్ 30న ముగిసింది. ఆండ్రాయిడ్ 7.1.1 కంటే ముందు వచ్చిన ఫోన్లలో లెట్స్ ఎన్‌క్రిప్ట్ సొంత రూట్ లేకపోయినా, ఆండ్రాయిడ్ రూట్‌ల గడువు తేదీని పట్టించుకోదన్న సంగతి ఆధారంగా ఆ సంస్థ మరో మూడేళ్లు ఎలాగో నెట్టుకొచ్చింది. 2024 సెప్టెంబర్ 30తో ఆ వెసులుబాటూ తీరిపోయింది. మీకు తెరుచుకోని సైట్లు ఈ కోవకు చెందినవే అయి ఉండే అవకాశం ఎక్కువ.

దుకాణం అబ్బాయి చెప్పిన మందు సాంకేతికంగా తప్పు కాదు. ఆ సంస్థ తన రూట్ సర్టిఫికెట్‌ను తన వెబ్‌సైట్‌లోనే బహిరంగంగా ఉంచింది. కానీ అతను దాన్ని ఎక్కడి నుంచి దించుతాడన్నదే అసలు ప్రశ్న. ఎవరో వాట్సాప్‌లో పంపిన ఫైలు పేరు ఏదైనా కావచ్చు. లోపల ఉన్నది మరొకరి రూట్ అయితే, ఆ మరొకరు ఇకమీదట మీ ఫోన్ దృష్టిలో మీ బ్యాంకు తరఫున కూడా ముద్ర వేయగలరు. ఇంతకంటే తేలిక దారి ఒకటుంది. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ ఫోన్ జాబితా మీద ఆధారపడకుండా తన రూట్ జాబితాను తనతోనే తెచ్చుకుంటుంది కాబట్టి, మీ ఫోన్‌కు సరిపడే ఫైర్‌ఫాక్స్ చివరి వెర్షన్‌ను ప్లేస్టోర్ నుంచి వేసుకుంటే వార్తలు, పత్రికలు చదువుకోవడానికి ఇబ్బంది ఉండదు. బ్యాంకు పనులు మాత్రం భద్రతా సవరణలు ఆగిపోయిన ఆ ఫోన్‌లో చేయవద్దని నా సలహా.

ప్రశ్న: మా ఆఫీసు వై-ఫై వాడాలంటే సొంత ఫోన్‌లో కంపెనీ సర్టిఫికెట్ ఇన్‌స్టాల్ చేసుకోవాలని ఐటీ విభాగం ఈమెయిల్ పంపింది. చేసుకుంటే వాళ్లు నా ఫోన్‌లో ఏమేమి చూడగలరు?
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, గచ్చిబౌలి, హైదరాబాద్

జవాబు: ఆ ఈమెయిల్‌లో ‘సర్టిఫికెట్’ అన్న ఒకే మాట రెండు వేర్వేరు పనులకు వాడి ఉండవచ్చు. మీరు ఐటీ విభాగాన్ని మొదట అడగవలసింది ఆ తేడాయే.

మొదటిది, వై-ఫై సర్వర్‌ను గుర్తుపట్టడానికి ఇచ్చే సర్టిఫికెట్. మీ పాస్‌వర్డ్ అందుకుంటున్నది నిజంగా ఆఫీసు సర్వరేనా, లేక అదే పేరుతో పక్క గదిలో ఎవరైనా పెట్టిన నకిలీ వై-ఫైనా అన్నది తేల్చడానికి మాత్రమే ఇది ఉపయోగపడుతుంది. ఆండ్రాయిడ్ 11, ఆపై వెర్షన్లలో సర్టిఫికెట్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ‘సీఏ సర్టిఫికెట్’ (సీఏ అంటే ధ్రువీకరణ సంస్థ), ‘వీపీఎన్, యాప్ యూజర్ సర్టిఫికెట్’, ‘వై-ఫై సర్టిఫికెట్’ అని మూడు విడివిడి దారులు కనిపిస్తాయి. వై-ఫై దారిలో వేసిన సర్టిఫికెట్ ఆ పనికే పరిమితమవుతుంది, బ్రౌజర్ దాని జోలికి పోదు. ఇందులో మీరు భయపడవలసింది లేదు, పైగా మేలే.

రెండోది, ఉద్యోగుల ఇంటర్నెట్ రాకపోకలను విప్పి చూసే పరికరానికి చెందిన రూట్ సర్టిఫికెట్. ఆ పరికరం మీకూ సైట్‌కూ మధ్య నిలబడి, సైట్‌తో ఒక రహస్య సంభాషణ, మీతో మరొకటి నడుపుతుంది. మీరు ఏ సైట్ అడిగితే ఆ సైట్ పేరుతో అప్పటికప్పుడు ఒక సర్టిఫికెట్ తయారుచేసి ఇస్తుంది. దాన్ని మీ ఫోన్ నమ్మాలంటే ఆ కంపెనీ రూట్ ‘సీఏ సర్టిఫికెట్’ దారిలో లోపలికి వెళ్లాలి. ఆ దారి ఎంచుకోగానే, మీ డేటా గోప్యంగా ఉండదని ఆండ్రాయిడ్ పెద్ద అక్షరాలతోనే హెచ్చరిస్తుంది. చాలామంది దాన్ని చదవకుండా ముందుకు నొక్కేస్తారు.

అలా వేసుకున్న తరువాత ఆఫీసు వై-ఫైలో ఉన్నంతసేపు మీ బ్రౌజర్‌లో తెరిచే పేజీలు, నింపే ఫారాలు, పాస్‌వర్డ్‌లు సైతం ఆ పరికరానికి కనిపించగలవు. బ్యాంకు, వైద్య సైట్లను విప్పి చూడకుండా మినహాయించే కంపెనీలు ఉన్నాయి గానీ, ఆ మినహాయింపు వారి నిర్ణయం, మీ చేతిలోనిది కాదు. యాప్‌ల సంగతి కొంత నయం. 2016లో వచ్చిన ఆండ్రాయిడ్ 7 నుంచి, వాడుకరి చేర్చిన రూట్‌లను యాప్‌లు మామూలుగా నమ్మవు కాబట్టి బ్యాంకు యాప్ ఆ వై-ఫైలో పనిచేయనని మొండికేస్తుందే తప్ప గుట్టు విప్పదు. వాట్సాప్ సందేశాలకు వాటి సొంత ఎన్‌క్రిప్షన్ ఉంది కనుక వాటిలోని మాటలు కూడా చిక్కవు. ఐఫోన్ అయితే సర్టిఫికెట్‌తో కూడిన ప్రొఫైల్ ఇన్‌స్టాల్ చేయడంతో పని పూర్తి కాదు. సెట్టింగ్స్‌లో జనరల్, అబౌట్, సర్టిఫికెట్ ట్రస్ట్ సెట్టింగ్స్ దాకా వెళ్లి ఆ రూట్‌కు ఎదురుగా ఉన్న మీటను విడిగా ఆన్ చేస్తేనే అది చెల్లుతుంది. ఈ రెండో మెట్టు ఎక్కమని ఎవరైనా అడిగితే, వారు అడుగుతున్నది వై-ఫై పాస్‌వర్డ్ వంటి చిన్న వస్తువు కాదని గ్రహించండి.

ఆఫీసు ఇచ్చిన లాప్‌టాప్‌లో కంపెనీ రూట్ ఉండటం సహజం. యంత్రం వారిది, ఆ నిర్ణయమూ వారిదే. సొంత ఫోన్‌లో మాత్రం మొదటి రకానికే ఒప్పుకుని, రెండో రకం తప్పనిసరి అంటే మొబైల్ డేటాతో సరిపెట్టుకోవడమే మంచిది. ఇప్పటికే వేసేసుకుని ఉంటే, ఆ వై-ఫైలో ఏదైనా సైట్ తెరిచి సర్టిఫికెట్ వివరాల్లో ‘జారీ చేసినవారు’ అన్న చోట ఎవరి పేరుందో చూడండి. అక్కడ మీ కంపెనీ పేరో, భద్రతా పరికరాలు అమ్మే సంస్థ పేరో కనిపిస్తే మీ సంభాషణ మధ్యలో విప్పబడుతున్నట్టే.

ప్రశ్న: ఎం.ఎస్. కోసం టెక్సాస్ వచ్చాను. క్యాంపస్‌లో ఎడ్యురోమ్ (విద్యాసంస్థలు ఉమ్మడిగా నడిపే) వై-ఫైకి కలవబోతే ‘సీఏ సర్టిఫికెట్’, ‘డొమైన్’ అని ఫోన్ అడుగుతోంది. ‘ధ్రువీకరించవద్దు’ అని ఎంచుకుంటే సరిపోతుందని సీనియర్ చెప్పిన ఆ ఎంపిక నా ఫోన్‌లో కనిపించడం లేదు. ఏమి చేయాలి?
— విద్యార్థి, డాలస్

జవాబు: అది కనిపించకపోవడం మీ అదృష్టం. 2020 డిసెంబర్‌లో వచ్చిన ఆండ్రాయిడ్ 11 సవరణతో గూగుల్ తన పిక్సెల్ ఫోన్ల నుంచి ఆ ఎంపికను తీసేయగా, మిగతా తయారీదారులు క్రమంగా అదే బాట పట్టారు. ధ్రువీకరణ లేకుండా కలిసే ఫోన్, ఎడ్యురోమ్ అన్న పేరుతో ఏ కాఫీ కొట్టు బల్ల మీదో పెట్టిన నకిలీ పరికరానికి కూడా మీ వివరాలు సమర్పించుకుంటుంది. ఆ పాస్‌వర్డే మీ యూనివర్సిటీ ఈమెయిల్‌కూ, ఫీజుల ఖాతాకూ తాళం కావచ్చని మరచిపోకండి.

సర్టిఫికెట్ దగ్గర ‘సిస్టమ్ సర్టిఫికెట్లు వాడు’ అని ఎంచుకోవాలా, లేక యూనివర్సిటీ ఇచ్చే విడి సర్టిఫికెట్ వేసుకోవాలా అన్నదీ, డొమైన్ దగ్గర ఏ సర్వర్ పేరు రాయాలన్నదీ మీ యూనివర్సిటీ ఐటీ విభాగం పేజీలో ఉంటాయి. డొమైన్‌ను ఊహించి నింపవద్దు, ఈమెయిల్ చివర ఉండే పేరూ సర్వర్ పేరూ ఒకటే కానక్కరలేదు. గెట్‌ఎడ్యురోమ్ యాప్‌లో మీ సంస్థ పేరు ఉంటే ఈ అమరికలన్నీ అదే చేసిపెడుతుంది. ఆ అమరికలు మీరు సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు కూడా పనికొస్తాయి. మన దేశంలో విద్యా, పరిశోధన సంస్థలకు నెట్‌వర్క్ సేవలందించే ఎర్నెట్ ఇండియా ద్వారా ఈ వ్యవస్థలో చేరిన క్యాంపస్‌లలో మీ టెక్సాస్ ఖాతాతోనే వై-ఫై దొరుకుతుంది.

ప్రశ్న: నేను ఇంటర్నెట్ సెంటర్ నడుపుతున్నాను. కాంట్రాక్టర్లకు డిజిటల్ సంతకం టోకెన్‌తో టెండర్లు వేసిపెడతాను. సంతకం చేసే ప్రోగ్రాం ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ‘మీరు ఒక రూట్ సర్టిఫికెట్‌ను చేర్చబోతున్నారు’ అని విండోస్ హెచ్చరిస్తోంది. వద్దంటే సంతకం పడదు. ఇది ఎంతవరకు సురక్షితం? ఆదాయ ధ్రువపత్రాల పీడీఎఫ్‌లలో సంతకం మీద ప్రశ్నార్థకం రావడం కూడా దీనికి సంబంధించినదేనా?
— తెనాలి

జవాబు: టెండరు సైట్ ఎక్కడో సర్వర్‌లో ఉంటుంది, సంతకపు తాళం మీ కంప్యూటర్‌కు గుచ్చిన టోకెన్‌లో ఉంటుంది. బ్రౌజర్ నేరుగా టోకెన్‌ను ముట్టుకోలేదు కాబట్టి మధ్యవర్తిగా ఒక చిన్న ప్రోగ్రాం మీ కంప్యూటర్‌లోనే సర్వర్ లాగా నడుస్తుంది. సైట్ భద్రమైన కనెక్షన్‌తో నడుస్తున్నప్పుడు ఈ లోపలి సర్వర్ కూడా సర్టిఫికెట్ చూపాలి. మీ కంప్యూటర్ తనను తాను పిలుచుకునే పేరుకు బయటి ధ్రువీకరణ సంస్థ ఏదీ సర్టిఫికెట్ ఇవ్వదు కనుక, ఆ ప్రోగ్రాం తన సొంత రూట్‌ను చేర్చుకుంటుంది. వేలిముద్రల యంత్రాలతో వచ్చే సర్వీసు ప్రోగ్రాంలలోనూ ఇదే పద్ధతి చూస్తారు. అంటే ఆ హెచ్చరిక రావడం దానంతట అది మోసానికి గుర్తు కాదు.

అయితే ఇందులో మంచి పద్ధతి, చెడ్డ పద్ధతి ఉన్నాయి. మంచి ప్రోగ్రాం ఇన్‌స్టాల్ అయ్యే సమయంలో మీ కంప్యూటర్‌కు మాత్రమే ప్రత్యేకమైన తాళాన్ని తయారుచేసుకుంటుంది. చెడ్డది అందరి కంప్యూటర్లలోనూ ఒకే రూట్‌ను, దాని రహస్య తాళంతో సహా పడేస్తుంది. 2014 చివర్లో లెనోవో లాప్‌టాప్‌లలో ముందే వేసి ఇచ్చిన సూపర్‌ఫిష్ అనే ప్రకటనల ప్రోగ్రాం సరిగ్గా ఈ పనే చేసింది. ఆ తాళాన్ని పరిశోధకులు బయటికి తీసేసరికి, దానితో ఎవరైనా ఏ సైట్ పేరు మీదైనా ఆ లాప్‌టాప్‌లు నమ్మే సర్టిఫికెట్ తయారుచేయగల పరిస్థితి వచ్చింది. కనుక ప్రోగ్రాంను టోకెన్ ఇచ్చిన సంస్థ సైట్ నుంచో, టెండరు సైట్‌లోని లింకు నుంచో మాత్రమే దించండి. తాళం ప్రతి కంప్యూటర్‌కూ వేరేనా అని వారి సహాయ విభాగాన్ని అడగండి. వీలైతే టెండర్ల పనికి ఒక కంప్యూటర్‌ను విడిగా ఉంచి, దానిలో జనాన్ని బ్యాంకు లావాదేవీలు చేయనివ్వకండి.

చాలా టెండరు సైట్లు వీటితోపాటు సీసీఏ ఇండియా రూట్‌ను కూడా వేయమంటాయి. సీసీఏ అంటే 2000 నాటి ఐటీ చట్టం కింద ఏర్పడిన, ధ్రువీకరణ సంస్థలకు లైసెన్సులిచ్చే నియంత్రణాధికారి కార్యాలయం. మన దేశంలో చట్టబద్ధమైన డిజిటల్ సంతకాలన్నిటికీ తలకట్టు అదే. దాన్ని సీసీఏ సొంత సైట్ నుంచి తీసుకుని, హెచ్చరిక పెట్టెలో విండోస్ చూపే వేలిముద్ర సంఖ్యను, అంటే ఆ సర్టిఫికెట్ గుర్తింపు సంఖ్యను, అక్కడి సంఖ్యతో మొదటి నుంచి చివరి వరకు సరిపోల్చండి. మొదటి నాలుగు అంకెలు చూసి వదిలేయడం సరిపోల్చడం కాదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ‘సర్టిఫికెట్ రకాన్ని బట్టి ఎక్కడ పెట్టాలో విండోస్ నిర్ణయిస్తుంది’ అన్న ఎంపికను వదిలేస్తే అది తరచూ మధ్యంతర (రూట్‌కూ చివరి సర్టిఫికెట్‌కూ మధ్య ఉండే) సర్టిఫికెట్ల అరలో పడుతుంది, అందువల్ల ‘వేశాను కానీ పనిచేయడం లేదు’ అన్న ఫిర్యాదు వస్తుంది. విశ్వసనీయ రూట్‌ల అరను మీరే ఎంచుకోవాలి.

అధికారిక రూట్ అయినంత మాత్రాన అది ఎన్నటికీ తప్పు చేయదనుకోవడానికి లేదు. 2014 జులైలో, సీసీఏ కింద పనిచేసే నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ ధ్రువీకరణ విభాగం నుంచి గూగుల్ చిరునామాలకు అనధికార సర్టిఫికెట్లు వెలువడినట్టు గూగుల్ పసిగట్టింది. సీసీఏ రూట్‌లు అప్పటికి విండోస్ జాబితాలో ఉండటం వల్ల విండోస్‌లోని చాలా ప్రోగ్రాంలు వాటిని నమ్మే స్థితిలో ఉన్నాయి. ఆ రూట్‌ను ఎన్నడూ చేర్చుకోని ఫైర్‌ఫాక్స్‌కు మాత్రం ఏమీ కాలేదు. సీసీఏ వెంటనే ఆ విభాగం సర్టిఫికెట్లను రద్దు చేసింది, క్రోమ్ ఆ రూట్ చెల్లుబాటును ప్రభుత్వ, విద్యాసంస్థల చిరునామాల వంటి ఏడు డొమైన్‌లకు కుదించింది. అంటే సీసీఏ ముద్ర సంతకాల రంగంలో చట్టబద్ధమే అయినా, వెబ్‌సైట్లను గుర్తించే పనికి బ్రౌజర్లు దాన్ని వేరుగా తూకం వేస్తాయి. ఈ రెండు పనులనూ ఒకటిగా చూడటం వల్లే సగం గందరగోళం పుడుతోంది.

పీడీఎఫ్‌లో ప్రశ్నార్థకం సంగతీ ఇదే. పీడీఎఫ్ చదివే ప్రోగ్రాంకు దాని సొంత జాబితా ఉంటుంది. అందులో సీసీఏ రూట్ లేకపోతే సంతకం సరైనదే అయినా ‘చెల్లుబాటు తెలియదు’ అంటుంది. సంతకం వివరాల్లోకి వెళ్లి, ఒకదాన్నొకటి ధ్రువీకరించే సర్టిఫికెట్ల గొలుసు పైభాగాన సీసీఏ ఇండియా ఉందని చూసుకుని, దాన్ని నమ్మదగినదిగా చేర్చి మళ్లీ పరిశీలించమంటే పచ్చ టిక్కు పడుతుంది. మీ కంప్యూటర్‌లో టిక్కు పడినంతలో అవతలి కార్యాలయం కంప్యూటర్‌లోనూ పడుతుందని అనుకోకండి. వారి జాబితా వారిది.

ప్రశ్న: మా చేనేత సహకార సంఘం వెబ్‌సైట్‌కు సర్టిఫికెట్ కొని సర్వర్‌లో వేయించాము. లాప్‌టాప్‌లో చక్కగా తెరుచుకుంటోంది. కొందరి ఫోన్లలో మాత్రం హెచ్చరిక వస్తోంది, చెల్లింపుల సంస్థ నుంచి రావలసిన నిర్ధారణ కూడా అందడం లేదు. కొన్నచోట అడిగితే ‘కొనుగోలుదారులను రూట్ ఇన్‌స్టాల్ చేసుకోమనండి’ అన్నారు.
— సంఘం కార్యదర్శి, చీరాల

జవాబు: చీర కొనడానికి వచ్చినవారిని ముందు మీ ఫోన్‌లో ఒక రూట్ వేసుకోండని అడిగితే వారు చీరతో పాటు మిమ్మల్ని కూడా వదిలేసి వెళతారు. ఆ సలహాను పట్టించుకోకండి. తప్పు కొనుగోలుదారుల ఫోన్లలో లేదు, మీ సర్వర్‌లో ఉంది.

ధ్రువీకరణ సంస్థలు తమ రూట్ తాళాన్ని నెట్‌వర్క్‌కు కలపకుండా భద్రంగా దాచి, దాని కింద మధ్యంతర సర్టిఫికెట్ ఒకటి తయారుచేసి, రోజువారీ సంతకాలను దానితో చేస్తాయి. కాబట్టి మీ సర్వర్ తన సర్టిఫికెట్‌తో పాటు ఆ మధ్యంతర సర్టిఫికెట్‌ను కూడా అందించాలి. ఇది లేకపోతే గొలుసులో నడిమి కొక్కెం ఊడినట్టే. లాప్‌టాప్‌లోని క్రోమ్ ఆ కొక్కేన్ని తానే వెతికి తెచ్చుకుంటుంది, ఫైర్‌ఫాక్స్ ముందే దాచుకుని ఉంటుంది. అందువల్ల వేసినవారికి లోపం కనిపించదు. చెల్లింపుల సంస్థ సర్వర్‌లో నడిచే ప్రోగ్రాంలు, చాలా ఫోన్ యాప్‌లు ఆ శ్రమ పడవు, వెంటనే సంబంధం తెంచుకుంటాయి. మీ లక్షణాలు రెండూ దీనికి అతికినట్టు సరిపోతున్నాయి.

మందు చిన్నదే. సర్టిఫికెట్‌తో పాటు మీకు ‘బండిల్’ లేదా ‘ఫుల్‌చెయిన్’ అన్న పేరుతో ఒక ఫైలు వచ్చి ఉంటుంది. సర్వర్‌లో మీ సర్టిఫికెట్ మొదట, దాని వెనుక మధ్యంతర సర్టిఫికెట్ వచ్చే వరుసలో పెట్టించి సర్వర్‌ను మళ్లీ లోడ్ చేయించండి. రూట్‌ను పంపనక్కరలేదు, అది అవతలివారి జాబితాలో ఉండవలసిన వస్తువు. తరువాత పరీక్షను మీ లాప్‌టాప్‌లో కాకుండా, బయటి నుంచి గొలుసు మొత్తాన్ని పరిశీలించే ఉచిత సేవలతో చేయించండి. ఇంకొక మాట. సర్టిఫికెట్‌కు జతగా ఉండే రహస్య తాళం ఫైలును వేసినవారు మీకు ఈమెయిల్‌లో పంపి ఉంటే, అది ఇక రహస్యం కాదు. కొత్త తాళంతో సర్టిఫికెట్‌ను మళ్లీ జారీ చేయించుకోండి.

ఏటా ఒకసారి డబ్బు కట్టి మరచిపోయే అలవాటు కూడా ఇక సాగదు. బ్రౌజర్లు, ధ్రువీకరణ సంస్థలు కలిసి 2025 ఏప్రిల్‌లో తీసుకున్న నిర్ణయం ప్రకారం, అప్పటిదాకా 398 రోజులుగా ఉన్న గరిష్ఠ గడువు 2026 మార్చి 15 నుంచి 200 రోజులకు, 2027 మార్చి 15 నుంచి 100 రోజులకు, 2029 మార్చి 15 నుంచి 47 రోజులకు తగ్గుతుంది. నలభై ఏడు రోజులకోసారి ఎవరో గుర్తుపెట్టుకుని మార్చడం అయ్యే పని కాదు కనుక, దానంతట అదే పునరుద్ధరించుకునే ఏర్పాటు ఇవ్వగల హోస్టింగ్ సంస్థకు ఇప్పుడే మారండి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ వంటి ఉచిత సర్టిఫికెట్ ఇచ్చే ఎన్‌క్రిప్షన్‌కూ, డబ్బు పెట్టి కొన్నదాని ఎన్‌క్రిప్షన్‌కూ తేడా ఏమీ లేదు.

ప్రశ్న: తాళం గుర్తు ఉంటే ఆ సైట్‌ను నమ్మవచ్చా?
— గృహిణి, వరంగల్

జవాబు: మీరు చూస్తున్న చిరునామాకూ మీకూ మధ్య మాటలు ఎవరికీ వినపడవని మాత్రమే ఆ గుర్తు చెబుతుంది. ఆ చిరునామా దొంగదైతే, దొంగతో మీరు రహస్యంగా మాట్లాడుతున్నారన్న మాట. ఈ అపోహ వల్లే క్రోమ్ 2023లో తాళం బొమ్మను తీసేసి వేరే గుర్తు పెట్టింది. బ్యాంకుల విషయంలో చిరునామా చివర ఏముందో చూడటం మేలు. మన బ్యాంకులన్నీ 2025 అక్టోబర్ 31లోగా ‘బ్యాంక్ డాట్ ఇన్’తో ముగిసే చిరునామాలకు మారాలని రిజర్వ్ బ్యాంకు ఆదేశించింది. ఆ చిరునామాలను నమోదు చేసే ఏకైక సంస్థ హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ.

ప్రశ్న: ఒక దేశ ప్రభుత్వమే ప్రజలందరినీ తన రూట్ సర్టిఫికెట్ ఇన్‌స్టాల్ చేసుకోమంటే ఏమవుతుంది?
— న్యాయశాస్త్ర విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: ఇది ఊహ కాదు, కజకిస్తాన్‌లో జరిగింది. 2019 జులైలో అక్కడి ఇంటర్నెట్ సంస్థలు ‘జాతీయ భద్రతా సర్టిఫికెట్’ వేసుకోవాలని చందాదారులకు సూచనలు పంపాయి. ఫేస్‌బుక్, గూగుల్ వంటి సైట్ల రాకపోకలను మధ్యలో విప్పుతున్నట్టు పరిశోధకులు గుర్తించారు. ఆగస్టు 21న గూగుల్, ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా, ఆపిల్ ఆ రూట్‌ను తమ బ్రౌజర్లలో నిషేధించాయి. అంటే వాడుకరి తన చేతులతో చేర్చుకున్నా అది చెల్లదు. 2020 డిసెంబర్‌లో రాజధానిలో మళ్లీ ప్రయత్నం జరిగినప్పుడు కూడా బ్రౌజర్లు అదే పని చేశాయి.

మన దేశంలో చర్చ మరో రూపంలో ఉంది. ఏ రూట్ ఉండాలో, ఏది పోవాలో అమెరికాలోని నాలుగు సంస్థలు తేల్చడమేమిటన్న ప్రశ్న న్యాయమైనదే. 2023 ఆగస్టులో కేంద్ర ఐటీ శాఖ ప్రారంభించిన దేశీయ బ్రౌజర్ పోటీలో సీసీఏ ఇండియా రూట్ ఉన్న సొంత జాబితా కలిగి ఉండటం ఒక షరతు. 2025 మార్చిలో జోహో బృందం మొదటి బహుమతి గెలుచుకుంది. సీసీఏ రూట్‌ను జాబితాలో చేర్చడం, కజకిస్తాన్ తరహాలో సంభాషణలను విప్పడం ఒకటి కావు. కానీ రెండింటికీ కావలసిన సాధనం ఒకటే కనుక, జారీ అయిన ప్రతి సర్టిఫికెట్‌నూ బహిరంగ చిట్టాలో నమోదు చేయాలన్న నియమం సీసీఏ రూట్‌కు కూడా వర్తింపజేస్తారా అన్నది న్యాయశాస్త్రం చదివే మీరు అడగవలసిన ప్రశ్న. 2018 నుంచి క్రోమ్ అన్ని ధ్రువీకరణ సంస్థలకూ ఈ నియమం పెట్టింది.

ప్రశ్న: ఎప్పుడో ఏదో సర్టిఫికెట్ వేసిన గుర్తు. ఉందో లేదో చూసి తీసేయడం ఎలా?
— డిగ్రీ విద్యార్థి, కరీంనగర్

జవాబు: ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్ తెరిచి భద్రత విభాగంలో ‘ట్రస్టెడ్ క్రెడెన్షియల్స్’ అన్నచోటికి వెళ్లండి. అక్కడ ‘సిస్టమ్’, ‘యూజర్’ అని రెండు వరుసలు ఉంటాయి. సిస్టమ్ వరుసలో వందకు పైగా పేర్లు ఉన్నా కంగారుపడి కదిలించవద్దు. మీరు చూడవలసింది యూజర్ వరుస, మామూలుగా అది ఖాళీగా ఉండాలి. ఏదైనా ఉంటే దాని పేరు నొక్కి తొలగించండి. ఐఫోన్‌లో ‘వీపీఎన్, డివైస్ మేనేజ్‌మెంట్’లో ప్రొఫైల్‌ను తీసేస్తే దాని రూట్ కూడా పోతుంది. విండోస్‌లో స్టార్ట్ దగ్గర ‘సర్ట్ఎంజీఆర్’ (certmgr) అని ఆంగ్ల అక్షరాలలో టైపు చేస్తే జాబితా తెరుచుకుంటుంది. అయితే అది మీ ఖాతాకు చెందిన జాబితా, కంప్యూటర్ మొత్తానికి వర్తించేది వేరే ఉంటుంది. ఫైర్‌ఫాక్స్‌లో దాని సెట్టింగ్స్‌లోనే విడిగా చూడాలి.

ఆండ్రాయిడ్‌లో అదే పేజీలో ‘క్లియర్ క్రెడెన్షియల్స్’ అన్న మీట కూడా కనిపిస్తుంది. తేలిక కదా అని దాన్ని నొక్కితే కాలేజీ వై-ఫై, వీపీఎన్ సర్టిఫికెట్లు కూడా ఒకే దెబ్బకు పోతాయి కనుక, యూజర్ వరుసలో ఒక్కొక్కటిగానే తీసేయండి.